పేస్‌మేకర్ ఉన్న భక్తులు – ద్విచక్ర వాహన యాత్ర

పేస్‌మేకర్ అమర్చుకున్నవారు మోటారు సైకిల్‌పై స్వామి దర్శనానికి రావచ్చునా? సేవకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. నాకు పేస్‌మేకర్ అమర్చి ఆరు సంవత్సరాలు గడిచాయి. వైద్యుల అనుమతితో నేటికీ నా వాహనంపైనే కొండకు వస్తున్నాను. వెనుక నా సహధర్మచారిణి కూర్చొని ఉంటుంది. నేను వైద్యుడను కాను. వైద్యులు నాకు బోధించినదానిని, ఆచరణలో నేను తెలుసుకున్నదానిని తోటి భక్తులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సమాధానం ఒక్క మాటలో చెబుతాను. పేస్‌మేకర్ ఉన్నంత మాత్రాన వాహనం మానవలసిన పనిలేదు. అయితే అది ఏ కారణం చేత అమర్చవలసి వచ్చిందో, ఆ కారణం పూర్తిగా తొలగినదని వైద్యుడు నిర్ధారించిన తరువాతనే హ్యాండిల్ పట్టుకోవాలి.

పరికరం చేసే పని

గుండె కొట్టుకోవడానికి అవసరమైన విద్యుత్ ప్రేరణ గుండెలోనే పుడుతుంది. ఆ ప్రేరణ మందగించినా, మధ్యదారిలో ఆగిపోయినా నాడి పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పుతుంది. పేస్‌మేకర్ ప్రతి క్షణం గుండెను గమనిస్తూ, స్పందన ఆలస్యమైనప్పుడు స్వల్ప విద్యుత్ ప్రేరణను అందిస్తుంది. సాధారణంగా ఎడమవైపు, కాలర్ ఎముకకు కొద్దిగా దిగువన, చర్మం కింద దానిని అమరుస్తారు. దాని నుండి సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోనికి వెళ్తాయి.

1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే వ్యక్తికి శరీరం లోపల అమర్చిన తొలి పేస్‌మేకర్ కొద్ది గంటలే పనిచేసింది. ఆయన ఆ తరువాత ఇరవైకి పైగా పరికరాలు మార్చుకొని, 86 ఏళ్ల వయస్సు వరకు జీవించి 2001లో మరణించారు. నేటి పరికరాల బ్యాటరీ అనేక సంవత్సరాలు మన్నుతుంది. కనుక భయం అవసరం లేదు.

ఒక విషయం మాత్రం మరువరాదు. పేస్‌మేకర్ నాడి మందగించకుండా కాపాడుతుందే గాని గుండెపోటును ఆపదు, రక్తపోటు పడిపోవడాన్ని ఆపదు. అలాగే ఐ.సి.డి. అనే వేరొక పరికరం ఉన్నది. గుండె ప్రమాదకరంగా గతి తప్పినప్పుడు అది లోపలి నుండే షాక్ ఇస్తుంది. ఈ వ్యాసంలోని మాటలు ఐ.సి.డి. ఉన్నవారికి వర్తించవు. వారు వాహనం విషయంలో తమ వైద్యునితో ప్రత్యేకంగా మాట్లాడాలి.

ఎన్నాళ్లు ఆగాలి?

బ్రిటన్‌లో కారు గాని, మోటారు సైకిల్ గాని నడిపేవారు పేస్‌మేకర్ అమర్చిన తరువాత కనీసం ఒక వారం ఆగాలన్న నియమం ఉన్నది. అది స్పృహకు సంబంధించిన గడువు. చేతికి సంబంధించిన గడువు వేరు. లోపలి తీగలు గుండె గోడకు గట్టిగా అతుక్కునే వరకు, అనగా నాలుగు నుండి ఆరు వారాల పాటు, ఆ వైపు చేతిని భుజానికి పైగా ఎత్తరాదని, బరువులు లాగరాదని వైద్యులు చెబుతారు. కారు నడిపేవారికంటె మనకు ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. బండిని సెంటర్ స్టాండ్ వేయాలన్నా, ఇరుకు చోట వెనుకకు లాగాలన్నా, ఒరిగిపోతున్నప్పుడు నిలబెట్టాలన్నా భారమంతా భుజాలపైనే పడుతుంది. నేను ఆరు వారాలు పూర్తిగా ఆగి, పరికరాన్ని పరీక్ష చేయించుకొని, మొదట ఇంటి వీధిలోనే ఒంటరిగా నడిపి చూచుకొన్నాను.

మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సు కోసం సమర్పించే ఫారం-1లో ఆకస్మికంగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉన్నాయా అన్న ప్రశ్న ఉన్నది. దానికి సత్యమే వ్రాయాలి. పేస్‌మేకర్ అమర్చిన తరువాత కూడా కళ్లు తిరుగుతున్నట్లయితే వైద్యుడు చూచేవరకు బండి ముట్టరాదు. మన వెనుక కూర్చున్నవారి ప్రాణం, ఎదురుగా నడచివచ్చే పాదచారి ప్రాణం మన చేతిలో ఉంటాయి.

ఇంజను, అయస్కాంతం, గతుకుల దారి

నడుస్తున్న ఇంజనులోని ఇగ్నిషన్ భాగాలకు, పరికరానికి మధ్య కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. నిటారుగా కూర్చొని నడిపేటప్పుడు ఆ దూరం సహజంగానే ఉంటుంది. ప్రమాదమంతా ఇంజను నడుస్తుండగా దానిపైకి వంగి ఏమైనదా అని చూడడంలో ఉన్నది. ముందు ఇంజను ఆపి, తరువాత వంగాలి.

సెల్‌ఫోను, అయస్కాంతంతో అతుక్కునే వస్తువులు పరికరానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కనుక ఫోనును ఎడమ జేబులో ఉంచరాదు. పెట్రోలు ట్యాంకుపై అయస్కాంతాలతో నిలిచే సంచులను తీసి భుజానికి తగిలించుకోరాదు. సంచి పట్టీ పరికరం ఉన్నచోట ఒరుసుకొనకుండా చూచుకోవాలి. పల్లకి మోసే సేవకులు కూడా దండెను ఆ వైపు భుజంపై పెట్టుకోరాదు.

మరొక విశేషం చాలామందికి తెలియదు. అనేక పేస్‌మేకర్లలో శరీర కదలికను పసిగట్టే సాధనం ఉంటుంది. మనం నడుస్తుంటే అది నాడివేగం పెంచుతుంది. గతుకుల దారిలో బండి కుదుపులను కూడా అది నడకగానే భావించి, మనం ఊరక కూర్చున్నా గుండెను వేగంగా కొట్టుకొనేటట్లు చేయవచ్చు. ఇది సాధారణంగా అపాయకరం కాదు. అయినా దడగా అనిపిస్తే బండి ఆపి కొంతసేపు కూర్చోవాలి. తరువాతి పరీక్షలో ఈ సంగతి వైద్యునికి చెప్పినట్లయితే ఆ అమరికను శస్త్రచికిత్స లేకుండా, పైనుండే సరిచేయగలరు.

ఉపవాసం, ఔషధం, కొండదారి

మన యాత్రలలో నేను ఎక్కువగా భయపడేది దీనికే. దర్శనమయ్యే వరకు ఏమీ ముట్టరాదని మాత్రలు మానివేసి, నీరు త్రాగక, వరుసలో గంటల తరబడి నిలబడి, ఆ అలసటతోనే బండి ఎక్కి ఘాట్ రోడ్డు దిగేవారు ఉన్నారు. శరీరంలో నీరు తగ్గినప్పుడు రక్తపోటు పడిపోతుంది. పేస్‌మేకర్ దానిని ఆపలేదు. వ్రతభంగం కలిగించని ఎనిమిదింటిలో నీటిని, ఔషధాన్ని కూడా మన ధర్మశాస్త్ర గ్రంథాలు చేర్చాయి. కనుక వేళకు మాత్ర వేసుకొని నీరు త్రాగితే స్వామికి అపచారం కాదు. దర్శనానంతరం ప్రసాదం స్వీకరించి, కొంతసేపు విశ్రమించి, అప్పుడే బయలుదేరాలి. దిగేటప్పుడు తక్కువ గేరులో, బ్రేకు నొక్కిపెట్టి ఉంచకుండా దిగాలి. శ్రీశైలం నల్లమల వంటి అడవి దారులలో సహాయం దొరకడం ఆలస్యమవుతుంది. అక్కడ ఒంటరిగా వెళ్లరాదు, పగటివేళనే దాటాలి.

తనిఖీ ద్వారం, గుర్తింపు కార్డు

అలిపిరి మొదలుకొని పెద్ద క్షేత్రాలన్నింటిలో భద్రతా తనిఖీ ఉన్నది. మెటల్ డిటెక్టర్ ద్వారం గుండా మామూలుగా నడిచిపోవచ్చు. అక్కడ ఆగి నిలబడరాదు, దానిని ఆనుకొనరాదు. చేతితో పట్టుకొనే డిటెక్టర్‌ను పరికరంపై నిలిపి ఉంచవద్దని, చేతితో తడిమి చూడమని సిబ్బందిని వినయంగా కోరాలి. ఇందుకు ఆసుపత్రి ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు ఉపకరిస్తుంది.

ఆ కార్డు ప్రయోజనం అంతటితో తీరదు. ప్రమాదంలో స్పృహ తప్పితే, ఎం.ఆర్.ఐ. స్కానింగ్ చేయవచ్చునో లేదో వైద్యులు నిర్ణయించడానికి పరికరం పేరు, నమూనా తెలియాలి. అసలు కార్డు పర్సులో, దాని నకలు బండి కాగితాలతో ఉంచుకోవాలి. వెనుక ఇంటివారి ఫోను నంబరు, వాడుతున్న మందుల పేర్లు వ్రాయాలి.

పడిపోయినట్లయితే

పేస్‌మేకర్ ఉన్నవారిలో పలువురు రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతుంటారు. వారికి తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం అధికం కావచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వలన మరణించిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఐ.ఎస్.ఐ. గుర్తుగల హెల్మెట్‌ను పట్టీ బిగించి ధరించాలి, వెనుక కూర్చున్నవారికీ ధరింపజేయాలి. ఛాతీకి దెబ్బ తగిలితే పైకి గాయం కనబడకపోయినా పరికరాన్ని పరీక్ష చేయించుకోవాలి. అమర్చినచోట వాపు, ఎరుపు, చీము, ఆగని వెక్కిళ్లు, కళ్లు తిరగడం కనబడితే ఆలస్యం కూడదు.

బండి నడపడం మానవలసిన రోజు ఎవరికైనా రావచ్చు. ఆ రోజు వైద్యుడు వద్దని చెబితే తాళంచెవి పిల్లల చేతికిచ్చి, బస్సులో వచ్చి స్వామిని సేవించుకుందాం. ఎలా వచ్చినా స్వామి దర్శనం ఒక్కటే. అంతవరకు ఈ నియమాలు పాటిస్తూ, క్షేమంగా వచ్చి క్షేమంగా ఇల్లు చేరుదాం.

స్వస్తి.