ఎద వేరు, అండోత్సర్గము వేరు

పశుపోషణను గూర్చిన పుస్తకములలోను, కరపత్రములలోను ‘అండోత్సర్గము’ అను మాట తరచుగా కనబడును. చదువుకొన్న రైతులు కూడ దీనిని ‘ఎదకు వచ్చుట’ అని అర్థము చేసికొనుట కద్దు. ఈ రెండును ఒకటే యనుకొని, వేళగాని వేళ దాటించుటచే తిరుగపొర్లు ఆవులు పెక్కు. ఒకసారి పొర్లినచో మరి 21 దినముల మేత దండుగ. కనుక ఈ మాటను విప్పి చూతము.

అండము, ఉత్సర్గము అను రెండు సంస్కృత పదములు కలిసి ఈ మాట యైనది. అండమనగా గ్రుడ్డు. ఉత్సర్గమనగా విడిచిపెట్టుట. ఈ రెండవ పదము మన పల్లెలకు క్రొత్తది కాదు. చనిపోయినవారి పేర కోడెకు అచ్చువేసి ఊరిమీద విడుచు కర్మకు ‘వృషోత్సర్గము’ అని పేరు. అచ్చోసిన ఆంబోతు అనుట దీనినిబట్టియే. (ఊరి ఆవులకు ఒకప్పుడు చూడి కట్టించినవి చాలవరకు ఆ ఆంబోతులే!) అక్కడ విడిచినది వృషభమును, ఇక్కడ అండాశయము విడుచునది అండమును.

ఆంగ్లములో దీనిని ‘ఓవ్యులేషన్’ అందురు. లాటిన్ భాషలో ‘ఓవమ్’ అనగా గ్రుడ్డు, ‘ఓవ్యులమ్’ అనగా చిన్న గ్రుడ్డు. చిన్నది అనుట తగియున్నది. అండాశయము మీద లేచు నీటి బుడగలను 1672లో డి గ్రాఫ్ అను డచ్చి వైద్యుడు వర్ణించి, అవియే గ్రుడ్లని తలచెను. అసలు అండము బుడగ లోపల నున్నదని 1827లో ఫాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు కుక్కలో కనుగొనెను. ఆవులో పక్వమైన బుడగ సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఉండును. అందలి అండము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే.

కోడి గ్రుడ్డు పెట్టుట కూడ అండోత్సర్గము కాదు. పచ్చసొన అండాశయమునుండి విడివడుటయే అండోత్సర్గము. పిమ్మట తెల్లసొన, పెంకు ఏర్పడి గ్రుడ్డు బయటపడుటకు ఇంచుమించు 25 గంటలు పట్టును.

ఇక ఆవు సంగతి. అరచుట, మానము నుండి జిగురు తీగలుగా కారుట, వేరొక పశువు మీదికెక్కినను కదలక నిలుచుట, ఇవి ఎద గుర్తులు. ఎద 12 మొదలు 18 గంటలుండును. అది పూర్తిగా చల్లారిన తరువాత 10 మొదలు 14 గంటలకు బుడగ పగిలి అండము వెలువడును. ఆ అండము బ్రతుకునది కొద్ది గంటలే. వీర్యమో, లోపల కొన్ని గంటలు గడచినగాని పనికిరాదు. సుమారు ఒక దినము దాటిన నిలువదు.

ఉదయము 6 గంటలకు ఎదకు వచ్చిన ఆవు రాత్రి 9 గంటలకు చల్లారినదనుకొనుడు. అండము మరునాడు 7 మొదలు 11 గంటల మధ్య విడుదల యగును. ఎద కనబడినదే తడవుగా దాటించినచో, అండము వచ్చునప్పటికి వీర్యము కాలము తీరియుండును. అందుచేత ఉదయము ఎద కనబడిన ఆవుకు సాయంకాలమును, సాయంకాలము కనబడినదానికి మరునాటి ఉదయమును కృత్రిమ గర్భధారణ చేయించవలెను.

గేదెలలో చిక్కు మరొకటి. అండము విడుదల యగును గాని ఎద గుర్తులు పైకి కానరావు. దీనినే మూగ ఎద అందురు. వేసవిలో ఇది మెండు. రాత్రి పడుకొనబోవు ముందును, తెల్లవారుజామునను ఒకసారి కొట్టములోనికి పోయి చూచుట మంచి ఉపాయము.

కొన్ని ఆవులకు, ముఖ్యముగా పెయ్యలకు, ఎద పోయిన రెండు మూడు దినములలో కొంచెము రక్తము కనబడును. దానిని చూచి పశువైద్యశాలకు పరుగెత్తి ప్రయోజనము లేదు. అండము అప్పటికే వెలువడిపోయినది. దాటించని పశువైనచో ఆ తేదీని గోడమీదనైనను వ్రాసికొని, రెండున్నర వారములు గడచినది మొదలు మరల కనిపెట్టి యుండవలెను.