మగ గుర్రాల పరిశుభ్రత, నట్టల నివారణ

సరిహద్దు పల్లెలలో గుర్రాలు మునుపటంతగా కనిపించకపోయినా, వాటిపై ఆధారపడి జీవించే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. పెండ్లి ఊరేగింపులకు గుర్రాన్ని బాడుగకు ఇచ్చేవారు, బండి తోలేవారు, నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరలోనో, ఈరోడ్ జిల్లా అందియూరు గురునాథస్వామి ఉత్సవ సంతలోనో గుర్రాన్ని కొని తెచ్చుకొనేవారు వీరిలో ఉన్నారు. అటువంటి ఇంట గుర్రం జబ్బుపడితే ఆ పూట నుండే రాబడి ఆగిపోతుంది. మగ గుర్రాలకు వచ్చే కొన్ని బాధలు కంటికి కనబడని చోట మొదలవుతాయి. సిగ్గుచేతనో, తన్నుతుందన్న భయంచేతనో ఆ చోటును పరీక్షించేవారు తక్కువ. బాధ బయటపడేసరికి ఆలస్యం జరిగిపోతుంది.

ఒరలో పేరుకొనే మలినం

మగ గుర్రం అంగం చర్మపు ఒరలో ముడుచుకొని ఉంటుంది. ఆ చర్మం నుండి ఊరే జిడ్డు, రాలిన పొట్టు, దుమ్ము కలిసి నల్లని లేదా బూడిదరంగు పొరగా ఏర్పడతాయి. కొద్దిపాటి పొర సహజమైనదే. విత్తులు తీసిన గుర్రాలు అంగాన్ని పూర్తిగా బయటికి చాచడం తక్కువ కనుక వాటిలో ఈ మలినం ఎక్కువగా నిలువ ఉంటుంది. మూత్రరంధ్రం పక్కన గల చిన్న గుంటలో జిడ్డు గట్టిపడి చిక్కుడు గింజ వంటి ఉండగా మారడం కూడా కద్దు.

ఉండ పెరిగితే గుర్రం మూత్రం పోయడానికి ఇబ్బంది పడుతుంది. ధార చీలి చిమ్ముతుంది. కొన్ని గుర్రాలు అంగాన్ని బయటికి తీయకుండానే ఒరలో మూత్రం విడుస్తాయి. దుర్వాసన, ఒర వాపు, చీము, వెనుక కాళ్ల లోపలివైపు మరకలు ఇతర సూచనలు.

కడిగే పద్ధతి

ప్రతి వారం కడగడం మంచిదని కొందరు భావిస్తారు. అది సరికాదు. అతిగా కడిగితే అక్కడ సహజంగా నివసించే హానిలేని సూక్ష్మజీవులు నశించి, హాని చేసేవి చోటు సంపాదిస్తాయి. నెలకొకసారి చూసి, మలినం బాగా పేరుకొన్నప్పుడు మాత్రమే కడగాలి. చాలా గుర్రాలకు ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలును. కొన్నింటికి ఆ అవసరమే రాదు. ఈనుటకు వాడే పోతు గుర్రాన్ని పశువైద్యుని సలహా లేకుండా మందు నీటితో కడగరాదు.

ఒకరు తల వద్ద పగ్గం పట్టుకొని నిలబడగా, మరొకరు గుర్రం భుజం పక్కన, దాని తల వైపే నిలిచి పని చేయాలి. వెనుకకు పోరాదు, కాళ్ల మధ్యకు వంగరాదు. గోళ్లు కత్తిరించుకొని, చేతికి పలుచని తొడుగు వేసుకొని, గోరువెచ్చని నీటితో మెత్తని గుడ్డను తడిపి మృదువుగా తుడవాలి. బట్టల సబ్బు, ఫినాయిలు, డెట్టాలు వంటివి వాడితే చర్మం కాలి పుండ్లు పడతాయి. గట్టి ఉండను గోటితో పెరకరాదు. నీటితో నానబెట్టి వేలితో నెమ్మదిగా కదిపి తీయాలి. గుర్రం సహకరించకపోతే బలవంతం చేయక, మత్తు ఇచ్చి కడగవలసిందిగా పశువైద్యుని కోరాలి.

వాపులన్నీ మురికి వలన రావు

ఒర వాచినప్పుడు కడిగితే తగ్గిపోతుందని ఊరుకోవడం ప్రమాదకరం. జోరీగలు కుట్టడం ద్వారా వ్యాపించే సర్రా వ్యాధిలో కూడా ఒర, వృషణాలు, కాళ్లు, పొట్ట కింది భాగం వాస్తాయి. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. మేత తింటున్నప్పటికీ గుర్రం చిక్కిపోతుంది, చిగుళ్లు పాలిపోతాయి. ఈ వ్యాధిని రక్తపరీక్షతో గుర్తించవలసి ఉంటుంది. చికిత్స ఆలస్యమైతే గుర్రం దక్కకపోవచ్చు.

అంగంపై మానని పుండు, గరుకైన కండ, రక్తం కారడం కనిపిస్తే క్యాన్సరు కావచ్చును. వేసవిలో పుట్టి చలికాలంలో మాని, మరుసటి వేసవిలో తిరిగి వచ్చే పుండ్లు మరొక రకం. గుర్రం కడుపులో ఉండే ఒక జాతి నట్టల పిల్లలు లద్దె ద్వారా బయటపడి, ఆ లద్దెలో పెరిగే ఈగల పురుగులలో చేరతాయి. ఈగ వాలినప్పుడు అవి కంటి చివర, పెదవి, అంగం వంటి తడి గల చోట్ల దిగి దురదతో కూడిన పుండ్లు కలిగిస్తాయి. వీటికి పైపూత చాలదు. కడుపులోని నట్టలకు మందు, ఈగల నివారణ రెండూ కావాలి.

నట్టల మందు: ఎంత, ఎప్పుడు

రెండు నెలలకొకసారి మందు మార్చి మార్చి తాగించే పాత అలవాటు వలన మందులకు లొంగని నట్టలు పెరిగాయి. ఒక మందలోని గుర్రాలలో సుమారు ఐదవ వంతు గుర్రాలే, లద్దెలో బయటపడే గుడ్లలో 80 శాతం వరకు విడుస్తాయి. కావున పశువైద్యశాలలో తాజా లద్దెను పరీక్ష చేయించి, గుడ్ల సంఖ్యను బట్టి మందు వేయడం మేలు. పిల్ల గుర్రాలకు మాత్రం వయసును బట్టి వైద్యుడు చెప్పిన క్రమం పాటించాలి.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. టేపుతో ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుండి పిరుదు మొన వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆ వచ్చిన దానిని పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే బరువు సుమారుగా కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 130 అయితే బరువు సుమారు 246 కిలోలు. తక్కువ మోతాదు నట్టలను మందుకు అలవాటు చేస్తుంది.

ఆవులకు ఉద్దేశించిన ఐవర్‌మెక్టిన్ సూదిని గుర్రానికి వేయరాదు. గుర్రాలకు నోటి ద్వారా ఇచ్చే మందు వేరుగా దొరుకుతుంది. పశువుల పిడుదులకు వాడే అమిట్రాజ్ మందును గుర్రంపై చల్లితే పేగుల కదలిక నిలిచి, ప్రాణాంతకమైన కడుపునొప్పి రావచ్చును.

కొట్టం శుభ్రత

లద్దెను ప్రతిదినం ఎత్తి, కొట్టానికి దూరంగా కుప్ప వేసి మగ్గనివ్వాలి. కుప్ప లోపలి వేడికి నట్టల గుడ్లు, ఈగల పురుగులు చస్తాయి. మగ్గని లద్దెను మేత పొలంలో చల్లరాదు. ముందుకాళ్ల వెంట్రుకలకు అంటిన చిన్న పసుపు గుడ్లు బాట్ ఈగవి. గుర్రం నాకితే అవి కడుపులోకి పోతాయి కనుక గీకి తీసివేయాలి. సంత నుండి తెచ్చిన గుర్రాన్ని లద్దె పరీక్ష జరిగే వరకు విడిగా కట్టాలి.

సరిహద్దు గ్రామాల వారికి ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. దగ్గరి ఆసుపత్రి ఒకప్పుడు ఈ రాష్ట్రంలో, మరొకప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉంటుంది. ఒకే మందు రెండుచోట్ల వేర్వేరు పేర్లతో దొరకవచ్చును. మందు పెట్టెపై అట్టను, వేసిన తేదీని, మోతాదును ఒక నోటు పుస్తకంలో భద్రపరిస్తే, భాష తెలియని వైద్యుని ముందు కూడా చికిత్స సక్రమంగా సాగుతుంది.

మూత్రం పోయలేక తంటాలు పడుతున్నా, బయటికి వచ్చిన అంగం తిరిగి లోపలికి పోకపోయినా, కడుపునొప్పితో దొర్లుతున్నా గంటలు లెక్కించక వెంటనే పశువైద్యుని పిలవాలి.