తల్లిపాలలో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు: స్తన్యపానం మానరాదు

తల్లిపాలలో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు ఉన్నట్లు ఇటలీ శాస్త్రవేత్తలు 2022లో వెల్లడించారు. రోమ్ నగరంలో 34 మంది ఆరోగ్యవంతులైన తల్లుల నుంచి ప్రసవమైన వారం రోజులకు సేకరించిన పాలను పరీక్షించగా, 26 మంది పాలలో ఇవి కనిపించాయి. సంచులకు వాడే పాలిథిలిన్, పైపులకు వాడే పి.వి.సి., డబ్బాలకు వాడే పాలీప్రొపిలీన్ వీటిలో ప్రధానమైనవి. తల్లుల ఆహారపు అలవాట్లకు, ఈ రేణువులకు మధ్య స్పష్టమైన సంబంధం కనబడకపోవడం గమనార్హం. ప్లాస్టిక్ అంతటా వ్యాపించి ఉండటమే ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం.

ప్రయోగశాలలో కణాలపైన, జంతువులపైన ఈ రేణువులు హాని కలిగించినట్లు తేలినప్పటికీ, శిశువులపై వీటి ప్రభావం ఇంకా నిర్ధారణ కాలేదు.

అయితే ఈ భయంతో డబ్బాపాలకు మారడం పరిష్కారం కాదు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పాలీప్రొపిలీన్ పాలసీసాలలో వేడినీటితో పాలపొడి కలిపే పద్ధతిలో లీటరుకు 1.6 కోట్ల వరకు రేణువులు విడుదల కాగలవు.

మొదటి 6 నెలలు తల్లిపాలే ఇవ్వాలని, ఆపై అనుబంధ ఆహారంతో పాటు రెండేళ్లు, అంతకు మించి కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తున్నది. తల్లులు వేడి పదార్థాలను ప్లాస్టిక్ పాత్రలలో ఉంచరాదు. పిండిన పాలు పట్టవలసి వస్తే స్టీలు ఉగ్గుగిన్నె వాడటం మేలు. రేణువుల వార్తతో పాటు ఈ సూచనలను కూడా పత్రికలు ప్రచురించినపుడే తల్లులకు సమగ్ర సమాచారం అందుతుంది.