తక్కెడలో ఆఫీసు పలక

చిన్నప్పుడు మీరు పలకమీద బలపంతో అక్షరాలు దిద్దే ఉంటారు. ఆ పలకలోని సుఖం ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? చంకలో పెట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. తప్పు రాస్తే చెరిపెయ్యవచ్చు. మరి లోపం? నిండగానే చెరపాలి, చెరిపితే రాసిందంతా పోతుంది. కింద పడితే పగులుతుంది. ఒకే వస్తువులో మేలూ ఉంది, లోపమూ ఉంది.

ఇప్పుడు పెద్దవాళ్లు ఆఫీసు పనికి వాడే పలకను ఒకదాన్ని తక్కెడలో పెట్టి చూద్దాం. దాన్ని టాబ్లెట్ అంటారు. మనం తూచబోయేది మైక్రోసాఫ్ట్ కంపెనీవారి మొదటి 'సర్ఫేస్ ప్రో'. 2013 ఫిబ్రవరి 9న అమెరికా, కెనడాలలో అది అమ్మకానికి వచ్చింది. ఇంత పాతది ఎందుకంటారా? పాతది కనుకనే దాని మంచిచెడ్డలు బాగా తేలిపోయాయి. ఆ లోపాలను తర్వాత ఎలా దిద్దారో కూడా మనం చూడవచ్చు.

పలక ఒక్కటే కాదు

ఈ పలక బరువు సుమారు 907 గ్రాములు. తెర 10.6 అంగుళాలు. వెనుకవైపు ఒక రేకు కాలు ఉంది. దాన్ని తెరిస్తే పలక బల్లమీద నిలబడుతుంది. పలకతోపాటు ఒక కలం ఇచ్చారు. మీటలపలక, అంటే కీబోర్డు, అయస్కాంతాలతో అంచుకు టక్కున అతుక్కుంటుంది. మడిస్తే అదే తెరకు మూతగా మారుతుంది.

ఇందులో దాని అసలు బలం వేరే ఉంది. ఆఫీసు బల్లమీది కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాములన్నీ ఇందులోనూ నడుస్తాయి. అప్పటి టాబ్లెట్లలో చాలావాటికి ఆ శక్తి లేదు. 'ల్యాప్‌టాప్ ఒకటి, టాబ్లెట్ ఒకటి మోయనక్కరలేదు, రెండు పనులకూ ఇదొక్కటే చాలు' అన్నది దీని వాగ్దానం.

ఆ వాగ్దానం ఎంతవరకు నిలిచింది?

తొట్టి ఒకటే, ధార వేరు

ముందు బ్యాటరీని చూద్దాం. సర్ఫేస్ ప్రో బ్యాటరీలో పట్టే శక్తి 42 వాట్ గంటలు. అంటే 1 వాట్ చొప్పున వాడుకుంటే 42 గంటలు, 42 వాట్ల చొప్పున వాడుకుంటే ఒక్క గంట వస్తుందన్నమాట.

2012లో వచ్చిన నాలుగవ తరం ఐప్యాడ్ బ్యాటరీ శక్తి 42.5 వాట్ గంటలు. రెండూ దాదాపు సమానమే! కాని ఐప్యాడ్ 10 గంటలు నడుస్తుందని దాన్ని చేసిన కంపెనీ చెప్పింది. సర్ఫేస్ ప్రో మాత్రం నాలుగు, అయిదు గంటలకే అలిసిపోయేది. ఎందుకని?

లెక్క వేసి చూడండి. 42.5ను 10తో భాగిస్తే 4.25 వాట్లు. 42ను నాలుగున్నరతో భాగిస్తే 9 వాట్ల పైచిలుకు. తొట్లు రెండూ ఒకే కొలతవి, కుళాయి ధార ఒకదానిలో రెండింతలు! పెద్ద కంప్యూటరు ప్రోగ్రాములు నడపాలంటే శక్తిమంతమైన ప్రాసెసరు కావాలి. అది ఎక్కువ విద్యుత్తు తాగుతుంది. ఆ విద్యుత్తంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికి పలకలో చిన్న ఫ్యాన్లు పెట్టారు, అంచు చుట్టూ గాలి పోయే సందు వదిలారు. వాటికి చోటు కావాలి గనుక పలక మందం 13.5 మిల్లీమీటర్లయింది. 652 గ్రాముల ఐప్యాడ్ పక్కన ఇది బరువుగా కనిపించింది.

చూశారా! దాని మొదటి బలమే దాని మొదటి బలహీనతకు కారణం.

బల్లమీద ధీమా, ఒడిలో దిగులు

రేకు కాలు సంగతి చూద్దాం. మామూలు ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ, ప్రాసెసరు మీటల కింద ఉంటాయి. అందువల్ల బరువంతా అడుగునే ఉండి, అది ఒడిలో కుదురుగా కూర్చుంటుంది. సర్ఫేస్ ప్రోలో బరువైన భాగాలన్నీ తెర వెనుకే ఉన్నాయి. మీటలపలక చాలా తేలిక. గరిమనాభి వెనక్కు పోయింది. దాన్ని మోసేది ఆ రేకు కాలు ఒక్కటే.

ఇలా చేసి చూడండి. ఒక మందపాటి అట్ట పుస్తకాన్ని బల్లమీద కాస్త వెనక్కు వాల్చి, వెనుక ఒక స్కేలు ఊతంగా పెట్టండి. నిలబడుతుంది. అదే ఏర్పాటును మీ ఒడిలో చేయండి. మోకాలు కొంచెం కదిలితే చాలు, పుస్తకం వెనక్కు పడుతుంది. రైలులో ఒడిలో పెట్టుకుని టైపు చేయబోయినవారికి ఎదురైన చిక్కు ఇదే. పైగా ఆ కాలు ఒకే ఒక్క కోణంలో తెరుచుకునేది.

బ్యాటరీ అడగని కలం

ఇక కలం. ఇది ముచ్చటైనది. దీనిలో బ్యాటరీ లేదు! తెర వెనుక సన్నని తీగల వల ఉంది. అది వెలువరించే విద్యుదయస్కాంత తరంగాలు కలంలోని తీగచుట్టను తాకగానే అందులో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ మీకు తెలిసిందే. ఆ కొద్దిపాటి విద్యుత్తుతో కలం తిరుగు సంకేతం పంపుతుంది. దాన్నిబట్టి కలం మొన ఎక్కడుందో పలక తెలుసుకుంటుంది. ఎంత గట్టిగా నొక్కుతున్నామో 1024 మెట్లలో గుర్తిస్తుంది.

మరి లోపం? కలాన్ని దాచడానికి గూడు లేదు. ఛార్జరు తగిలించే చోటే, అయస్కాంతంతో అతికించుకోవాలి. పలకకు ఛార్జరు పెట్టగానే కలం నిలువనీడ లేనిదవుతుంది!

బిల్లు చూద్దాం

పలక ధర 899 డాలర్లు. నిల్వ సామర్థ్యం 64 గిగాబైట్లు అని రాసి ఉంది. కాని అందులో సగానికి పైగా ముందే వచ్చిన ప్రోగ్రాములు ఆక్రమించాయి. రెట్టింపు నిల్వ కావాలంటే 999 డాలర్లు. వాగ్దానం నిలిపే మీటలపలక ఆ ధరలో చేరలేదు. కదిలే మీటలున్నదానికి విడిగా 130 డాలర్లు. మొత్తం 1129. యూ.ఎస్.బి. రంధ్రం ఒక్కటే ఉంది. అందులో మౌస్ పెడితే ఇక పెన్‌డ్రైవుకు చోటు లేదు. తెర, బ్యాటరీ జిగురుతో అతికించారు గనుక మరమ్మతు మహా కష్టం.

తూచేదెవరు?

ఇంతకీ ఇది మంచిదా, చెడ్డదా? ఆ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. మంచిదంటే ఎవరికి?

రోజంతా కుర్చీలో కూర్చుని పద్దులు రాసే గుమాస్తాను తీసుకోండి. పక్కనే కరెంటు ఉంది గనుక బ్యాటరీ లోపం ఆయనకు లోపమే కాదు. కాని ఆ చిన్న తెర, చిన్న మీటలు బాధిస్తాయి. గోదాములో తిరుగుతూ సరుకు లెక్కించే ఉద్యోగికి బరువూ, బ్యాటరీ ముఖ్యం. నాలుగున్నర గంటల పలక మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. పొద్దున కట్టడం దగ్గర ప్లానుమీద కలంతో గుర్తులు పెట్టి, తర్వాత ఆఫీసులో అదే ప్లానును పెద్ద ప్రోగ్రాములో దిద్దే ఇంజనీరుకు మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది. పలక ఒకటే, తూకాలు మూడు!

దిద్దుబాట్లు

2013 అక్టోబరులో రెండవ సర్ఫేస్ ప్రో వచ్చింది. బ్యాటరీ అదే 42 వాట్ గంటలు. ప్రాసెసరు పొదుపరి కావడంతో పలక ఎక్కువసేపు నడిచింది. తొట్టిని పెంచలేదు, ధార తగ్గించారు. కాలుకు రెండు కోణాలు ఇచ్చారు. 2014లో మూడవది వచ్చింది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆ కంపెనీ అధిపతి అయ్యారు. తెర 12 అంగుళాలకు పెరిగినా బరువు 800 గ్రాములకు, మందం 9.1 మిల్లీమీటర్లకు తగ్గాయి. కాలు మధ్యలో ఎక్కడ ఆపితే అక్కడే నిలిచింది. కాని కలం పద్ధతి మారి దానికి బ్యాటరీ అవసరమైంది. నొక్కుడు మెట్లు 1024 నుంచి 256కు దిగాయి. ఒక లోపం తీరితే మరొకటి వచ్చి చేరింది.

రేపు మీ ఇంట్లో సైకిలో, ఫోనో, కుట్టుమిషనో కొనబోతారు. ప్రకటనలో బలాలే ఉంటాయి. అప్పుడు ఒక కాగితం తీసుకోండి. మీరు చేయబోయే పనులు ముందు రాసుకోండి. ప్రతి బలం పక్కనా దానికి చెల్లిస్తున్న మూల్యం రాయండి. విడిగా కొనాల్సిన వస్తువుల ధరలు కూడా కలపండి. ఆ తర్వాతే దుకాణానికి బయలుదేరండి.