మీకు తెలుసా? సీసా రంగులు ధరించిన హోటల్

ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో, సియెర్రా దె కాంతాబ్రియా పర్వతశ్రేణి అట్లాంటిక్ వైపునుంచి వీచే చల్లని తేమగాలులను అడ్డుకోవడం వల్ల, దాని దక్షిణపు వాలుల్లో ద్రాక్ష నిదానంగా, నిండుగా పక్వానికి వస్తుంది. ఆ కొండల నీడలో ఉన్న ఎల్సియేగో గ్రామంలో, 1858లో స్థాపితమైన మార్కెస్ దె రిస్కాల్ వైన్ తయారీశాల తన ఆవరణలోనే 2006లో ఒక విలాసవంతమైన హోటల్‌ను ప్రారంభించింది. బిల్బావోలోని గుగెన్‌హైమ్ మ్యూజియం (1997) రూపశిల్పి ఫ్రాంక్ గెహ్రీయే దీనికీ రూపకల్పన చేశాడు.

ఇసుకరాతి గదుల మీద రిబ్బన్లలా మెలికలు తిరిగిన లోహపు రేకుల రంగులు చూపరులకు విచిత్రంగా తోచవచ్చుగాని, వాటి ఎంపిక యాదృచ్ఛికం కాదు: గులాబీ వన్నె టైటానియం ఎర్ర వైన్‌నూ, వెండి వన్నె సీసా మూతిని కప్పే రేకునూ, బంగారు వన్నె సీసా చుట్టూ అల్లిన సన్నని తీగవలనూ సూచిస్తాయి. ఈ వల నిజానికి అలంకారం కోసం పుట్టినది కాదు. ఖాళీ సీసాల్లో నాసిరకం వైన్ నింపి అమ్మే మోసగాళ్లను అడ్డుకోవడానికి, తీగను తెంపనిదే బిరడా ఊడిరాకుండా చేసిన ఏర్పాటది. అవసరం తీరిపోయినా, ఆ తయారీశాల సీసాలపై అది నేటికీ కనిపిస్తుంది.