సరిహద్దు గీతలు ఎంత లోతు?

పటంలో రాష్ట్రాల మధ్య గీతలు ఎంతో స్పష్టంగా కనిపిస్తాయి. మరి మనుషుల మధ్య కూడా ఆ గీతలు అంత లోతుగా ఉన్నాయా? మన బస్తర్ దక్షిణపు అంచును చూస్తే కొంత జవాబు దొరుకుతుంది.

జగదల్‌పూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా వెళ్తే సుక్మా, ఆ తర్వాత శబరి నది ఒడ్డున కోంటా వస్తాయి. కోంటా దాటితే చింతూరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇంకా ముందుకు వెళ్తే భద్రాచలం తెలంగాణలో ఉంది. ఒకే దారి, మూడు రాష్ట్రాలు.

ఈ గీతలు మరీ పాతవి కావు. బస్తర్ సంస్థానం 1948లో భారతదేశంలో విలీనమైంది. ఆ తర్వాత మధ్యప్రదేశ్‌లో భాగమైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్‌లోకి వచ్చింది. చింతూరు 2014 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. పోలవరం ముంపు మండలాలతో పాటు అదీ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. ఊరు కదలలేదు, రాష్ట్రం మారింది.

మనుషుల బంధాలు వీటికంటే పాతవి. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. కోంటా, బీజాపూర్ వైపు ఉండే దోర్లాల మాట కోయ భాషకు దగ్గరగా ఉంటుంది, అందులో తెలుగు మాటలు చాలా వినిపిస్తాయి. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా భక్తులు వెళ్తారు.

అయితే విభేదాలు లేవని అనలేం. పోలవరం నీరు శబరి వెంట వెనక్కి తన్ని కోంటా ప్రాంతాన్ని ముంచుతుందని ఛత్తీస్‌గఢ్ అభ్యంతరం చెప్పింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2005 తర్వాత హింసకు భయపడి ఎన్నో ఆదివాసీ కుటుంబాలు ఇక్కడి నుంచి గోదావరి వైపు అడవులకు తరలిపోయాయి. అక్కడ వారిని గుత్తికోయలంటారు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి. అందుకే ఇక్కడ ఉన్న ఆదివాసీ గుర్తింపు అక్కడ దానంతటదే వర్తించదు. భూమి పట్టాకు, పిల్లల చదువుకు అదే పెద్ద ఇబ్బంది.

కాబట్టి గీత మాటల్లో, జాతరల్లో, చుట్టరికాల్లో లోతుగా లేదు. కాగితాల్లో, నీటి పంపకాల్లో లోతుగా ఉంది. కాగితాలు రాసేది మనుషులే కనుక వాటిని సరిచేయడమూ మనుషుల చేతుల్లోనే ఉంది. రేపు అధికారులు, ఇంజినీర్లు, న్యాయవాదులు కాబోయే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.