కోత ఆమెకే!

పాతపట్నం దాటితే పర్లాకిమిడి. బోర్డుల మీద అక్షరాలు ఒడియాలోకి మారతాయి గానీ చాలా ఇళ్లలో మాట మారదు. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినా పిల్లనివ్వడాలు, తెచ్చుకోవడాలు ఆగలేదు. అటు మెట్టిన ఆడపిల్ల పురిటికి ఇటు పుట్టింటికే వస్తుంది. రెండో కాన్పయితే పనిలో పనిగా ఆపరేషన్ కూడా చేయించి పంపుతారు. అల్లుడికి చేయించొచ్చు కదా అంటే ఇంటిల్లిపాదీ నవ్వేస్తారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. ఒడిశాలో 28 శాతం. హద్దుకు అటూ ఇటూ ఇంత తేడా! వేసెక్టమీకి వచ్చేసరికి మాత్రం రెండు రాష్ట్రాలూ ఒకటే. ఎక్కడా ఒక్క శాతం కూడా లేదు.

బరువులెత్తలేడట!

మగాడికి ఆపరేషన్ చేస్తే సత్తువ పోతుందని, బరువులెత్తలేడని పెద్దోళ్ల మాట. కోత పడ్డ కోడలు నెల తిరక్కుండా బిందెలు మోస్తుంది. ఆ బరువు ఎవరి లెక్కలోకీ రాదు.

నిజానికి వేసెక్టమీలో వీర్యకణాలు వచ్చే నాళాన్ని మాత్రమే కత్తిరించి ముడి వేస్తారు. మగతనానికి మూలమైన హార్మోను ఆ నాళంలో రాదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన పద్ధతిలో కత్తిగాటు, కుట్లు కూడా ఉండవు. చిన్న రంధ్రం, కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి. ఆడవాళ్లకైతే పొట్ట తెరవాల్సిందే.

ఒక్క జాగ్రత్త ఉంది. వేసెక్టమీ అయ్యాక మూడు నెలలపాటు వేరే సాధనం వాడాలి. పరీక్షలో వీర్యకణాలు లేవని తేలాకే నిశ్చింత. ఈ సంగతి భార్యాభర్తలిద్దరికీ విడమరిచి చెప్పాలి. లేదంటే ఈలోగా ఆమె నెల తప్పితే నింద కూడా ఆమె మీదే పడుతుంది.

మగవాళ్లు మొదటి నుంచీ ఇలా తప్పించుకోలేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77లో దేశంలో జరిగిన 82 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లలో 62 లక్షలు మగవాళ్లవే. అందులో బలవంతంగా చేసినవి ఎన్నో. ఆ భయం ఊళ్లలో ఉండిపోయింది. ప్రభుత్వాలూ మగవాళ్ల జోలికి వెళ్లడం తగ్గించి ఆడవాళ్ల వైపు తిరిగాయి. అప్పుడు తిరగబడ్డ లెక్క మళ్లీ సరికాలేదు.

బాలింత కుట్లు మానేదాకా పుట్టింట్లోనే ఉంటుంది. అల్లుడు ఆదివారం వచ్చి, బిడ్డను చూసుకుని, భోంచేసి సాయంత్రం బస్సుకు పర్లాకిమిడి వెళ్లిపోతాడు.